ఎండకు కమిలి పొట్టు లేస్తున్న చర్మం: ఒలిచేయాలా, వదిలేయాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్ల కోసం క్లుప్తంగా మళ్లీ చెబుతాను. ఆఫీసు స్నేహితులతో సూర్యలంక బీచ్‌కి వెళ్లారు. పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా చొక్కా లేకుండా వాలీబాల్ ఆడారు, మధ్యమధ్యలో సముద్రంలో మునిగారు. ఆ రాత్రి భుజాలు మండిపోయి వెల్లకిలా పడుకోలేకపోయారు. రెండు రోజులకు మంట తగ్గింది. ఐదో రోజు నుంచి భుజాలు, ముక్కు, నుదురు పొట్టు లేస్తున్నాయి, భుజాలకంటే ముక్కు, నుదురే ఎక్కువ. కింద కనిపించే చర్మం ఒకచోట లేతగా, ఇంకోచోట నల్లగా ఉంది. అక్క పెళ్లికి ఇంకా పన్నెండు రోజులుంది. అమ్మ పెరుగు, శనగపిండి కలిపి నలుగు పెట్టుకోమంటున్నారు. ఒక స్నేహితుడు మెడికల్ షాపులో దొరికే క్రీము ఫొటో పంపాడు. మీకేమో అద్దం ముందు కూర్చుని మొత్తం ఒలిచేయాలనిపిస్తోంది. చివర్లో, మొటిమలకి రాత్రిపూట ఒక జెల్ రాస్తున్నానని కూడా రాశారు. ఆ చివరి వాక్యం చాలా ముఖ్యమైనది, దాని దగ్గరికి వస్తాను.

ముందు సమాధానం. ఒలవొద్దు, రుద్దొద్దు, కొత్త క్రీమేదీ మొదలుపెట్టొద్దు. వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ రోజుకు మూడు నాలుగుసార్లు పట్టించండి. మొటిమల జెల్ రెండు వారాలు ఆపండి. లేస్తున్న చోట ఎండ తగలనివ్వకండి. ఇంతే. పొట్టు రాలడం మొదలైన దగ్గర్నుంచి వారం, పది రోజుల్లో దానంతట అది ఆగిపోతుంది. పెళ్లినాటికి మీ ముఖం మీద పొరలు ఉండవు. రంగు మాత్రం అప్పటికి పూర్తిగా సమం కాకపోవచ్చు, దానికి ఇంకా టైమ్ పడుతుంది.

నేను కోస్తాలో ఇరవై ఏళ్లుగా చర్మవ్యాధుల ప్రాక్టీసులో ఉన్నాను. ఏప్రిల్, మే వచ్చాయంటే ఇలాంటివాళ్లు రోజుకి ఒకరిద్దరైనా వస్తారు. ఎండ వల్ల నేరుగా కలిగిన నష్టంతో వచ్చేవాళ్లు వాళ్లలో కొందరే. పొట్టు లేస్తున్న ఆ వారంలో చేసుకున్న పనుల వల్ల వచ్చినవాళ్లే ఎక్కువ. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పొట్టు ఎందుకు లేస్తుందో తెలిస్తే దాన్ని ఒలవాలన్న దురద కొంత తగ్గుతుంది. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలు, ముఖ్యంగా వాటిలో యూవీ-బి అనే రకం, పైచర్మంలోని కణాల డీఎన్‌ఏని దెబ్బతీస్తాయి. కొద్దిగా దెబ్బతింటే కణం బాగు చేసుకుంటుంది. మరీ పాడైతే, ఆ తప్పుతో బతికి పిల్లకణాలను పుట్టించేకంటే చనిపోవడమే మేలని తనని తాను ముగించుకుంటుంది. బీచ్‌లో ఐదు గంటల్లో అలాంటి కణాలు మీ భుజాల మీద లెక్కలేనన్ని తయారయ్యాయి. ఎరుపు, మంట మూడు నాలుగు గంటల తర్వాత మొదలై, పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల మధ్య పతాకస్థాయికి చేరతాయి. బీచ్‌లో ఉన్నప్పుడు ఏమీ తెలియకపోవడం, ఇంటికొచ్చాక రాత్రి నరకం చూడటం ఇందుకే. ఆ తర్వాత కింది పొర హడావిడిగా కొత్త కణాలను తయారుచేసి పైకి తోస్తుంది. మామూలుగా పైచర్మం మొత్తం మారడానికి నాలుగు వారాలు పడుతుంది, రోజూ కంటికి కనిపించనంత సన్నని నుసిగా రాలుతూ ఉంటుంది. ఇప్పుడు అదే పని తొందరలో, గుంపుగా జరుగుతోంది కాబట్టి గోడకి సున్నం పెచ్చులూడినట్టు ఊడుతోంది.

పైన లేచిన పొర చనిపోయినదే. కానీ దాని అంచు ఇంకా బతికున్న చర్మానికి అతుక్కుని ఉంటుంది. వేలితో పట్టి లాగితే చచ్చిన పొరతో ఆగదు, పక్కన సిద్ధం కాని చోటు దాకా చిరుగుతుంది. లాగుతుంటే ఒకచోట చురుక్కుమంటుంది చూడండి, అక్కడి నుంచి మీరు పచ్చి చర్మాన్ని లాగుతున్నారన్నమాట. అక్కడే తర్వాత నల్లమచ్చ పడుతుంది.

ఇక్కడ మన రంగు గురించి ఒక మాట. "మనది నల్ల తోలు, ఎండ మనల్ని ఏం చేస్తుంది" అని పల్లెల్లోనూ అంటారు, హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లోనూ అంటారు. చర్మం ఎండకి ఎలా స్పందిస్తుందన్నదాన్ని బట్టి ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికన్ వైద్యుడు 1975లో చేసిన వర్గీకరణనే మేం ఇప్పటికీ వాడతాం. తెలుగువాళ్లలో ఎక్కువమంది అందులో నాలుగో, ఐదో రకాల్లోకి వస్తారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువ కాబట్టి మనకి కమలడం ఆలస్యం, తెల్లవాళ్లలా ఎర్రగా టమాటాలా అయిపోం. అది నిజమే. కానీ ఎరుపు కనిపించకపోవడం, కమలకపోవడం ఒకటి కాదు. మన చర్మం మీద కమిలిన చోటు ముదురు గోధుమ రంగుగా, కాస్త ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. చాలామంది దాన్ని "ట్యాన్" అనుకుని వదిలేస్తారు. ఇంకో సంగతి: ఎలాంటి మంట తగిలినా, చివరికి గిల్లినా సరే, మన చర్మం దానికి మెలనిన్‌తో జవాబు చెబుతుంది. ఎరుపు మూడు రోజుల్లో పోతుంది, మనకి మిగిలే నలుపు మూడు నెలలు ఉంటుంది. మన రంగువాళ్లకి ఎండకి కమలడంలో అసలు బాధ ఆ మిగిలే మచ్చే. అది ఎంత ముదురుగా ఉంటుందన్నది ఈ వారం మీ చేతుల్లో ఉంది.

ఇప్పుడు రోజూ ఏం చేయాలో చెబుతాను.

స్నానం గోరువెచ్చని నీళ్లతో, లేదంటే చన్నీళ్లతో. వేడివేడి నీళ్లు హాయిగా అనిపించినా ఉన్న కాస్త నూనెనీ కడిగేస్తాయి. పది నిమిషాలు మించొద్దు. పొట్టు లేస్తున్న చోట సబ్బు అవసరం లేదు, చంకలకీ గజ్జలకీ పాదాలకీ చాలు. బీరపీచు, ప్లాస్టిక్ స్క్రబ్బరు బాత్‌రూమ్‌లోంచి తీసి బయట పెట్టేయండి. ఉంటే చేయి దానివైపే పోతుంది. తుడుచుకునేటప్పుడు మెత్తటి పాత కాటన్ టవల్‌తో అద్దండి. ఒంటి మీద ఇంకా తడి ఉండగానే, రెండు మూడు నిమిషాల్లోపే మాయిశ్చరైజర్ రాయాలి. ఈ టైమింగే కీలకం. పూర్తిగా ఆరిన చర్మానికి క్రీము రాస్తే, తేమ లేని చోట మూత పెట్టినట్టే.

ఏ మాయిశ్చరైజర్ అని అడుగుతారు. గ్లిజరిన్, సెరమైడ్, లిక్విడ్ పారఫిన్ లాంటివి ఉన్న, వాసన లేని ఏదైనా సరే. సీసా మీద "వైటెనింగ్", "గ్లో", "బ్రైటెనింగ్", "ఏహెచ్‌ఏ" అని ఉంటే వద్దు. పది శాతం, ఆపైన యూరియా ఉన్న క్రీములు పగిలిన మడమలకి బ్రహ్మాండంగా పనిచేస్తాయి కానీ పచ్చి చర్మం మీద చుర్రుమంటాయి. ఖర్చు పెట్టలేకపోతే తెల్లటి పెట్రోలియం జెల్లీ చాలు. రాత్రి పడుకునేముందు తడి భుజం మీద పల్చగా పట్టించి, పాత బనీను వేసుకోండి. మీ దశలో అది బాగా పనిచేస్తుంది. ఇంకా వేడిగా, మండుతూ ఉన్న మొదటి రోజైతే జెల్లీ, నూనెలు రాయకూడదు, వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. ఆరోజు తడిగుడ్డ, చల్లటి నీళ్లు, బాగా నీళ్లు తాగడం, అవసరమైతే ఒక పారాసిటమాల్. మీకు ఆ దశ దాటిపోయింది కాబట్టి వదిలేద్దాం.

రాసే తీరు కూడా చెప్పాలి. మనవాళ్లు క్రీము రాయడమంటే అప్పడాల పిండి రుద్దినట్టు రుద్దుతారు. చుక్కలు చుక్కలుగా పెట్టి, వెంట్రుకలు వాలి ఉన్న దిక్కుగానే అరచేత్తో ఒకసారి జార్చండి. పొట్టు లేచి నిలబడిన అంచులు దానికి తడిసి పడుకుంటాయి. అలా పడుకుంటే పొట్టు కనిపించదు, బట్టకి తగిలి చిరగదు.

మరీ వేలాడుతూ కాలరుకి తగులుకునే ముక్కలు ఉంటాయి. వాటిని లాగకుండా, స్పిరిట్‌తో తుడిచిన చిన్న కత్తెరతో, అతుక్కున్న చోటికి కొద్దిగా ఇవతలే కత్తిరించండి. భుజం వెనకైతే ఇంట్లో ఎవరినైనా అడగండి. ఒలవాలన్న కోరిక ఆపుకోలేకపోతే మాయిశ్చరైజర్ రాసి చొక్కా వేసేసుకోండి. ఫోన్ చూస్తున్నప్పుడు చేయి తెలియకుండానే ముక్కు మీదకి పోతుంది, మా పేషెంట్లలో సగం మంది ఒలిచేది అప్పుడే.

ఇప్పుడు అమ్మగారి నలుగు సంగతి. నలుగుకి నేను వ్యతిరేకిని కాను. పండక్కి సున్నిపిండి పెట్టుకుని పెరిగినవాణ్నే. మామూలు చర్మానికి అది పర్లేదు. శనగపిండి గరుకు, అది ఆరాక రుద్ది రాల్చేటప్పుడు వచ్చే రాపిడి ఇసుక కాగితంలాంటిది. పెరుగులో లాక్టిక్ యాసిడ్ ఉంటుంది, పచ్చి చర్మం మీద మండుతుంది. నా దగ్గరికి ఒక డిగ్రీ చదివే అమ్మాయి వచ్చింది. ఎండలో స్కూటీ మీద తిరిగి బుగ్గల మీద పొట్టు లేస్తే, "మురికి పోవాలి" అని నాలుగు రోజులు వరసగా నలుగు పెట్టుకుంది. పొట్టు పోయింది. మూడో వారానికి రెండు బుగ్గల మీదా, వేళ్లు రుద్దిన దారుల్లోనే, బూడిద రంగు నలుపు. అది తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఎండ చేసింది ఒక వంతు, నలుగు చేసింది మూడు వంతులు. అమ్మగారికి ఇలా చెప్పండి: ఇది మురికి కాదు, పుండు మానేటప్పుడు కట్టే పక్కులాంటిది. పక్కుని ఏ అమ్మా రుద్దదు.

నిమ్మకాయ మాత్రం అస్సలు వద్దు. దీని మీద నాకు కొంచెం పట్టుదల ఎక్కువ, కాబట్టి ఆగి చెబుతాను. నిమ్మజాతి కాయల్లో, ముఖ్యంగా తొక్కలోని నూనెలో, ఫ్యూరోకౌమరిన్లనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండలోని యూవీ-ఎ తగిలితే రెండూ కలిసి చర్మాన్ని కాలుస్తాయి. ఒకటి రెండు రోజుల్లో ఎరుపు, బొబ్బలు, తర్వాత నెలల తరబడి నల్లటి చారలు. ఒక వేసవిలో రోడ్డు పక్కన చెరుకురసం బండి పెట్టుకున్న కుర్రాడు వచ్చాడు. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, అక్కణ్నుంచి మణికట్టు దాకా, రసం కారినట్టే నల్లటి చారలు. ఇంట్లోవాళ్లు ఎవరో చేతబడి చేశారనుకున్నారు. రోజంతా ఎండలో నిలబడి గ్లాసులోకి నిమ్మచెక్క పిండుతాడు, రసం ఆ దారినే కారుతుంది. మందేమీ రాయలేదు, నిమ్మకాయ పిండే చెక్క పిండుడుబద్ద కొనుక్కోమని, చేయి కడుక్కుంటూ ఉండమని చెప్పాను. ట్యాన్ పోతుందని ముఖానికి నిమ్మరసం రాసుకుని బండెక్కి కాలేజీకి పోయేవాళ్లు ఆ కుర్రాడు పొరపాటున చేసిన పనినే కావాలని చేస్తున్నారు.

మన ఆయుర్వేదంలో బొల్లికి బావంచాలనే గింజలు వాడతారు కదా, అందులో ఉండేదీ ఇదే కుటుంబానికి చెందిన సోరాలిన్. ఎండతో కలిస్తే చర్మాన్ని నల్లబరిచే గుణాన్నే అక్కడ మందుగా వాడుకున్నారు. అంటే మన పెద్దవాళ్లకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు, నిమ్మకాయ దగ్గరే మర్చిపోయాం.

మిగతా వంటింటి వైద్యాలు గబగబా: కలబంద గుజ్జు చల్లగా హాయిగా ఉంటుంది. అయితే కోసిన మట్టలోంచి కారే పసుపుపచ్చ జిగురు దురద పెడుతుంది, దాన్ని పది నిమిషాలు నిలబెట్టి కార్చేసి, కడిగి, లోపలి గాజులాంటి గుజ్జునే వాడాలి. కొబ్బరినూనె భుజాలకి పర్లేదు, మీకు మొటిమలున్నాయి కాబట్టి ముఖానికి వద్దు. పసుపు వద్దు, కొందరికి పడదు, పైగా పొట్టు అంచుల్లో పసుపు దిగి వారం పోదు. టమాటా కూరకి. టూత్‌పేస్టు, పుదీనా ఘాటున్న బామ్‌లు, ఐస్ ముక్క నేరుగా పెట్టడం, ఇవేవీ వద్దు. క్యాలమైన్ లోషన్ మొదటి రోజు దురదకి పనికొస్తుంది కానీ అది ఆరబెట్టే మందు. పొట్టు లేస్తున్నప్పుడు రాస్తే ఇంకా బిగుసుకుంటుంది.

ఇక మీ స్నేహితుడు పంపిన క్రీము. పేరు ఇక్కడ రాయను. మీరు ఫొటోలో చూపిన కాంబినేషన్‌లో ఒక స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, ఒక యాంటీఫంగల్ మూడూ ఉన్నాయి. ఇది రాస్తే రెండు రోజుల్లో ముఖం నిగనిగలాడుతుంది, అందులో అబద్ధం లేదు. అందుకే ఇవి అంతగా అమ్ముడుపోతాయి. వారాలు, నెలలు వాడాక చర్మం పల్చబడి, సన్నటి ఎర్ర నరాలు తేలి, మొటిమలు ఎగదన్ని, మానేస్తే మంట మొదలై, మళ్లీ రాయకుండా ఉండలేని స్థితి వస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. మన ఊళ్లలో చీటీ అడిగే షాపులెన్నో మీకూ తెలుసు. బాగా కమిలిన చర్మానికి మొదటి రెండు మూడు రోజులు మేమే ఒక్కోసారి తక్కువ శక్తి ఉన్న స్టెరాయిడ్ రాస్తాం. పొట్టు లేస్తున్న ఏడో రోజున, అందులోనూ ముఖానికి, దానికి పని లేదు.

మొటిమల జెల్ దగ్గరికి వద్దాం. పేరు రాయలేదు కానీ "రాత్రి మాత్రమే, బఠాణీ గింజంత" అని మీ డాక్టరు చెప్పారంటే చాలావరకు అది అడపలీన్ లేదా ట్రెటినాయిన్ అయి ఉంటుంది. అవి పైపొరని త్వరగా రాల్చడం ద్వారా పనిచేస్తాయి. మీ భుజాలకంటే ముక్కు, నుదురే ఎక్కువ లేస్తున్నాయని రాశారు కదా, కారణం చాలావరకు ఇదే. రెండు వారాలు ఆపండి, చర్మం కుదుటపడ్డాక రోజు విడిచి రోజు మొదలుపెట్టండి. మొటిమలకి డాక్సీసైక్లిన్ మాత్ర వేసుకుంటున్నా తప్పక మీ డాక్టరుకి చెప్పండి, ఆ మాత్ర మీద ఉన్నవాళ్లు మామూలు ఎండకే కమిలిపోతారు. బీపీకి వాడే హైడ్రోక్లోరోథయజైడ్, నొప్పులకి వాడే పైరాక్సికామ్, నాప్రోక్సెన్ కూడా ఇంతే. "అందరం ఒకే ఎండలో ఉన్నాం, నాకే ఎందుకిలా" అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది మాత్రల పేర్లే.

ఎండ తగలకుండా చూసుకోవడం. పొట్టు ఊడి బయటపడ్డ చర్మం పల్చన, ఇంకా కవచం సిద్ధం కాలేదు. మొదటిసారి ఐదు గంటలకి కమిలినది ఈసారి అరగంటకే కమలొచ్చు. మన దగ్గర వేసవిలో మిట్టమధ్యాహ్నం యూవీ ఇండెక్స్ (యూవీ తీవ్రతని చెప్పే అంకె) పదకొండు, ఆపైన ఉండటం మామూలే. పదకొండు నుంచీ "అత్యంత తీవ్రం" అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. చాలామంది ఎండ తీవ్రతని ఉక్కపోతతో కొలుస్తారు. వేడి రెండు, మూడు గంటలకి ఎక్కువ, యూవీ పన్నెండింటి చుట్టుపక్కల ఎక్కువ. సముద్రపు గాలికి చల్లగా ఉంది కదా అని మీరు పదింటికే చొక్కా విప్పారు, ఒంటికి వేడి తెలియలేదు, కిరణాలు మాత్రం వాటి పని అవి చేశాయి. దానికి తోడు పొడి ఇసుక పదిహేను శాతం, అలల నురగ పాతిక శాతం దాకా యూవీని తిప్పికొడతాయి. నీళ్లలో అర మీటరు లోతున కూడా పైనున్న యూవీలో నలభై శాతం చేరుతుంది. మునిగి ఉన్నాను కదా అనుకోవడానికి లేదు. పల్చటి మబ్బు ఉన్నా ఎనభై శాతం దాకా దిగుతుంది.

యాప్ అక్కర్లేని కొలత ఒకటి చెబుతాను. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఆ ఎండ కాలుస్తుంది, పొడుగ్గా ఉంటే కొంత నయం. ఇంటి ముందు నిలబడి చూసుకోవచ్చు.

ఈ రెండు వారాలు భుజాలకి సన్‌స్క్రీన్ కంటే చొక్కా మేలు, కాస్త దట్టమైన నేత, పొడుగు చేతులు. ముఖానికి ఎస్‌పీఎఫ్ ముప్పై గానీ యాభై గానీ ఉన్న సన్‌స్క్రీన్ చాలు (ఎస్‌పీఎఫ్ అంటే యూవీ-బిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె). ముప్పై అంటే యూవీ-బిలో సుమారు 97 శాతం ఆపుతుంది, యాభై అంటే 98, తేడా ఆ ఒక్క శాతమే. అసలు తేడా ఎంత రాస్తున్నారన్న దాంట్లో ఉంది. చూపుడువేలు, మధ్యవేలు రెండిటి పొడుగునా పిండినంత ముఖానికీ మెడకీ కావాలి. మనవాళ్లు పెట్టేది సగం కూడా ఉండదు. జింక్ ఆక్సైడ్ ఉన్నవి పచ్చి చర్మం మీద తక్కువ మండుతాయి. కాస్త తెల్లగా కనిపిస్తుంది, పెళ్లి దాకా భరించండి.

ఇప్పుడు మీకు సంబంధం లేకపోయినా ఇక్కడ చదివేవాళ్లకి పనికొచ్చే భాగం. ఎండాకాలంలో లేచే ప్రతి పొట్టూ ఎండ వల్ల కాదు.

మెడ, వీపు, ఛాతీ మీద తెల్లటి లేదా గోధుమరంగు మచ్చలు, గోటితో గీరితే సన్నటి పిండిలా రాలుతుందంటే అది శోభి. చెమటకి పెరిగే ఫంగస్. దానికి కొబ్బరినూనె పట్టిస్తే పండగ చేసుకుంటుంది, ఎందుకంటే ఆ ఫంగస్‌కి కొవ్వే తిండి. దానికి మందు వేరు. అరచేతుల్లో చిన్న చిన్న గాలిబుడగల్లా మొదలై గుండ్రంగా పొట్టు లేవడం వేసవిలో చాలామందికి వస్తుంది, దురద ఉండదు, దానికీ ఎండకీ సంబంధం లేదు. చెమటకాయలు తగ్గేటప్పుడు కూడా సన్నటి పొట్టు రాలుతుంది. బుగ్గల మీద, ముక్కు మీదుగా సీతాకోకచిలుకలా ఎర్రబారి, ఎండలోకి వెళ్లినప్పుడల్లా ఎక్కువై, కీళ్లనొప్పులూ నీరసమూ ఉంటే, ముఖ్యంగా ఆడవాళ్లలో, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) కోసం పరీక్ష చేయించుకోవాలి.

ఇంకొకటి ఉంది, దాని గురించి మన ప్రాంతంవాళ్లు తెలుసుకోవాలి. రెండు చేతుల వెనకవైపూ, మెడ చుట్టూ పట్టీ కట్టినట్టు, పాదాల పైన, అంటే ఎండ తగిలే చోట్లన్నిటా రెండువైపులా ఒకేలా చర్మం ముదురు రంగుకి మారి, మందమై, పగిలి పొట్టు లేస్తుంటే అది పెల్లాగ్రా కావచ్చు. బి3 విటమిన్, నియాసిన్ లోపం. ఒకప్పుడు జొన్నే ప్రధాన ఆహారంగా ఉన్న తెలంగాణ పల్లెల్లో ఇది బాగా కనిపించేది. ఇప్పుడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉన్న ప్రయోగశాల 1958లో కూనూరు నుంచి హైదరాబాద్ వచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటానికీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని 1960లో ప్రతిపాదించారు. ఇప్పుడు వారానికి నాలుగు జొన్నరొట్టెలు పప్పుతో, కూరతో, పెరుగుతో తినేవాళ్లు దీనికి భయపడక్కర్లేదు. ఇప్పుడు నేను చూస్తున్నది ఎక్కువగా రోజూ తాగి సరిగ్గా తినని మగవాళ్లలో, అప్పుడప్పుడు టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్లలో.

రెండేళ్ల కిందట ఉప్పుమడిలో పనిచేసే ఒకాయన్ని భార్య తీసుకొచ్చింది. "ఎండకి తోలు లేస్తోందండీ, ఏ పూత మందు రాసినా తగ్గట్లేదు" అంది. చేతుల మీద గ్లౌజు తొడిగినట్టు నల్లటి పొట్టు, మణికట్టు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. మెడలో చొక్కా తెరుచుకున్న మేర అంతా అదే. విరేచనాలు అవుతున్నాయా అని అడిగితే "నెల రోజుల్నుంచి" అంది ఆవిడ. రాత్రి నిద్ర లేదు, మనిషి పరధ్యానం. తాగుడు ఎక్కువై అన్నం మానేశాడు. నికోటినమైడ్ (బి3 విటమిన్) మాత్రలు, బి-కాంప్లెక్స్, గుడ్లు, పప్పు తినమన్నాం. రెండు వారాల్లో చేతులు తేటబడ్డాయి. పదిహేను రకాల పూతమందులు చేయలేని పని అది. కాబట్టి పొట్టుతో పాటు విరేచనాలు, మతిమరుపు లేదా పరధ్యానం ఉంటే పూతలతో కాలక్షేపం చేయకండి.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి? కమిలిన చోట పెద్ద నీళ్లబొబ్బలు వచ్చి అరచేయంత మేర పరుచుకుంటే. ఊడిన చోట చీము, పసుపు పక్కు, పెరిగే నొప్పి, జ్వరం ఉంటే. ముఖం, కళ్ల చుట్టూ వాస్తే. ఎండలో తిరిగొచ్చిన మనిషికి ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ. అప్పుడు చర్మం సంగతి తర్వాత, నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. బొబ్బలుంటే పిన్నీసుతో గుచ్చకండి, పైతోలే దానికి సరైన కట్టు. ఆరు నెలల్లోపు పిల్లలు కమిలితే ఎంత చిన్నదైనా చూపించాలి, వాళ్లకి సన్‌స్క్రీన్ కూడా రాయం, నీడే. పెద్దవాళ్లలో ఎండ తగిలే చోట, ముఖ్యంగా కింది పెదవి మీద, నెల దాటినా మానకుండా పొట్టు కడుతూ ఊడుతూ ఉండే మచ్చ ఉంటే ఒకసారి చూపించుకోండి. మన రంగుకి చర్మ క్యాన్సర్ తక్కువే, లేకపోలేదు.

చివరగా పెళ్లి. ఈ పన్నెండు రోజుల్లో ఫేషియల్, బ్లీచ్, డీ-ట్యాన్ ప్యాక్, కెమికల్ పీల్ ఏదీ చేయించుకోకండి. పార్లర్‌వాళ్లు "పొట్టు లేస్తోంది కదా సార్, ఒక స్క్రబ్‌తో క్లీన్ అయిపోతుంది" అంటారు. నవ్వి వచ్చేయండి. గడ్డం చేసుకోవాలంటే కొత్త బ్లేడు, షేవింగ్ జెల్ ఎక్కువ, వెంట్రుక వాలిన దిక్కుగా ఒక్కసారే. లేతగా, నల్లగా మచ్చలుమచ్చలుగా కనిపిస్తున్నది పాత ట్యాన్ ఉన్న చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య తేడా. చాలావరకు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కలిసిపోతుంది. మూడు నెలలకీ కలవకపోతే అప్పుడు మచ్చల మందు గురించి ఆలోచిద్దాం, ఇప్పుడు కాదు.

పెళ్లికూతురి తమ్ముడు కాబట్టి మంగళస్నానాల రోజు మీ ముఖానికీ పసుపు పూయకుండా ఎవరూ వదలరు. ఆ పొద్దున ముఖానికి, భుజాలకి పెట్రోలియం జెల్లీ కాస్త దట్టంగా పట్టించుకుని వెళ్లండి. పసుపు దాని మీదే ఆగుతుంది, సాయంత్రం నీళ్లు, కాస్త సబ్బునురగతో వచ్చేస్తుంది. మేనత్తలు రుద్దుతుంటే మాత్రం బుగ్గ ఇవ్వకండి, పాదాలు చూపించండి.